సముద్రం కనపడే స్థలం

"మామయ్యా, టర్కీలో ఒక ఫ్లాటు కొందామనుకుంటున్నాను. నువ్వేమంటావ్?"

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే లండన్ నుంచి మా మేనల్లుడి ఫోను. నేనేమంటాను? టర్కీ గురించి నాకు తెలిసిందల్లా తువ్వాలు ఒక్కటే.

సంగతేమిటంటే, వాడి ఆఫీసులో ఒక ఇంగ్లీషాయన అక్కడి సముద్రపు ఒడ్డున రెండు పడగ్గదుల ఫ్లాటు కొన్నాడట. ఏడాదిలో మూడు వారాలు తనుంటాడు. మిగతా రోజులు విహారానికొచ్చేవాళ్లకి వారాల లెక్కన అద్దెకిస్తాడు. మావాడు పోయిన వేసవి సెలవుల్లో పెళ్లాం పిల్లలతో ఆ ఫ్లాటులోనే దిగి వారం రోజులుండి వచ్చాడు. బాల్కనీలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా నీలంగా సముద్రం. వచ్చిన దగ్గర్నుంచీ వాడికి నిద్ర లేదు. మన అనుకునే చోటు ఒకటి సముద్రం పక్కన ఉండాలి, అది తన ఖర్చు తనే సంపాదించుకోవాలి. అదీ వాడి కోరిక. తప్పుపట్టడానికేం లేదు. ఇల్లే సంపాదిస్తుందంటే ఎవరికి చేదు?

వాళ్ల నాన్న, అంటే మా బావగారు, ఈ మాట విని ఇంతెత్తున లేచారు. "సముద్రం మనకి లేదా ఏం? బందరు నుంచి పదకొండు కిలోమీటర్లు పోతే మంగినపూడి. పరాయి దేశంలో పోసే డబ్బేదో ఇక్కడే పోయమను. కాటేజీ కడదాం. కార్తీక మాసంలో గదులు దొరక్క జనం అల్లాడిపోతారు!"

ఆయన మాటలతో ఊరుకునే మనిషి కాదు. చల్లపల్లి దగ్గరి ఎకరం అమ్మగా వచ్చిన డబ్బు అప్పటికే బ్యాంకులో ఉంది. అందులోంచి రెండు లక్షలు ఒక బ్రోకరు చేతిలో అడ్వాన్సు కింద పెట్టేశారు కూడా. మిగతాది నలభై అయిదు రోజుల్లో చెల్లించాలి. చెల్లించకపోతే అడ్వాన్సు గోవిందా. ఈ కబురు మా అక్కయ్యకే ఆలస్యంగా తెలిసింది. ఆవిడ నాకు ఫోన్ చేసి, "తమ్ముడూ, నువ్వొకసారి ఆ స్థలం చూసి రా. ఆ పొలం అమ్మిన డబ్బులో పిల్లదానికి కూడా వాటా ఉంది, సముద్రంలో పారబోస్తే ఊరుకోను" అంది. పిల్లదంటే మేనకోడలు. పెళ్లై హైదరాబాదులో ఉంటోంది. దానికీ ఈ సంగతి తెలీదు.

అలా రెండు సముద్రాల మధ్య ఇరుక్కున్నాను.

ముందు టర్కీ సంగతి చూద్దామని కూర్చున్నాను. మనకు దూరం కదా, ఆశ్చర్యాలు కూడా ఎక్కువే. అక్కడి బోద్రుమ్, అంతాల్యా లాంటి ఊళ్లలో ఇంగ్లీషువాళ్లూ జర్మన్లూ రష్యన్లూ ఏళ్ల తరబడి ఇళ్లు కొంటున్నారు. రిజిస్ట్రేషన్ కాగితాన్ని తాపు అంటారు. 1999లో పెద్ద భూకంపం వచ్చాక, 2000 నుంచి ఇంటికి భూకంపం బీమా తప్పనిసరి చేశారు. విదేశీయుడు 4 లక్షల డాలర్లకు తగ్గకుండా ఆస్తి కొంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2018లో ఆ మొత్తాన్ని రెండున్నర లక్షల డాలర్లుగా పెట్టి, 2022లో పెంచారు. అసలు సంగతి మరొకటుంది. 2024 జనవరి 1 నుంచి అక్కడ కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. వంద రోజులకు మించకుండా, అంటే వారానికో పది రోజులకో, ఇల్లు అద్దెకివ్వాలంటే ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కావాలంటే ఆ భవనంలో ఉన్న ఫ్లాట్ల యజమానులందరూ ఒప్పుకోవాలి. అందరూ అంటే అందరూ! ఒక్కరు కాదన్నా కథ కంచికే.

ఇది చదివి మావాడికి ఫోన్ చేశాను. "మీ ఆఫీసాయనకి ఆ అనుమతి ఉందా?" అంటే, "అడగలేదు మామయ్యా" అన్నాడు. మన అపార్టుమెంట్లో లిఫ్టు బాగు చేయించడానికి తలా వెయ్యి వసూలు చేయాలంటేనే ఏడాది పడుతుంది. నాలుగు దేశాల వాళ్లున్న భవనంలో అందరి సంతకాలూ పట్టుకురావడం ఎంత పనో మీరే ఊహించుకోండి. పైగా ఆ ఊళ్లలో సీజను మహా అయితే మే నుంచి అక్టోబరు దాకా. చలికాలం వస్తే హోటళ్లే మూసుకుంటాయి.

అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. అక్కడ ఎవరు కొనచ్చు, ఎవరు అద్దెకివ్వచ్చు అన్నది చట్టంలో రాసి ఉంది, కొనేవాడు ముందే అడిగి తెలుసుకోవచ్చు. మన దగ్గరా రాసే ఉంది. అడిగేవాడే తక్కువ. మా బావగారు రెండు లక్షలిచ్చేముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: "సముద్రం కనపడుతుందా?"

కనపడుతుంది. నేను చూశాను.

ఆ వారంలోనే బావగారూ అక్కయ్యా నేనూ ఆటోలో బయల్దేరాం. ఊరు దాటాక తాళ్లు, సరుగుడు తోటలు, తర్వాత రొయ్యల చెరువులు. ప్రధాన రోడ్డు వదిలి మట్టిదారిలో కొంత దూరం లోపలికెళితే ముప్ఫై సెంట్ల చెక్క ఒకటి. నాలుగు మూలలా రాళ్లు పాతి, వాటికి పసుపు రంగు వేశారు. బ్రోకరు కుర్రాడు చురుకైనవాడు, మోటారు సైకిలు మీద ముందే వచ్చి నిలబడ్డాడు. "ఇక్కణ్ణుంచి చూడండి సార్" అంటూ పక్కనున్న చెరువు గట్టెక్కించాడు. నిజమే. సరుగుడు చెట్ల సందులోంచి బూడిదరంగు గీతలా కనపడింది. బావగారి మొహం వెలిగిపోయింది.

"మనకి సముద్రం కనపడుతోందంటే, సముద్రానికి మనం కూడా కనపడుతున్నామన్నమాట" అంది అక్కయ్య, గట్టెక్కకుండానే.

మంగినపూడి సముద్రం మీరు చూసే ఉంటారు. ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ, లోతు తక్కువ. చాలా దూరం నడుచుకుంటూ వెళ్లచ్చు. స్నానాలకి అనువు. చిలకలపూడి పాండురంగడి తిరునాళ్లకి వచ్చినవాళ్లు కార్తీక పౌర్ణమినాడు ఇక్కడ మునిగి వెళతారు. దత్తాశ్రమం ఉంది, లైట్‌హౌసు ఉంది. 2025 జూన్‌లో మసులా బీచ్ ఉత్సవాలు జరిగినప్పుడు ఊరు ఊరంతా అక్కడే. ఇవన్నీ నిజమే. వీటిలో ఏదీ ఆ ముప్ఫై సెంట్ల గురించి చెప్పదు.

నేను కాగితాలడిగాను. కుర్రాడు పట్టాదారు పాస్‌బుక్కు జిరాక్సు ఒకటి చూపించాడు. అమ్మే ఆయన పేరు వేరు, పాస్‌బుక్కులో పేరు వేరు. "మధ్యలో అగ్రిమెంటు ఉంది సార్, జీపీఏ కూడా ఉంది, భయం లేదు" అన్నాడు. భయం అక్కడే మొదలవుతుందని వాడికి తెలీదా? జీపీఏ మీద, అగ్రిమెంటు మీద కొన్నంత మాత్రాన హక్కు రాదని, రిజిస్టరు చేసిన దస్తావేజే కావాలని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. మన జిల్లాలో ఇప్పటికీ నోటు పుస్తకం మీద రాసుకున్న కాగితాలతో ఎకరాలు చేతులు మారుతూనే ఉన్నాయి.

సర్వే నంబరు రాసుకుని వచ్చి అడంగల్ తీయించాను. ఇప్పుడిదంత కష్టమేం కాదు. సర్వే నంబరు ఉంటే అడంగల్, 1బీ కంప్యూటర్లోనే కనపడతాయి. అదే నంబరు మీద ఈసీ తీయిస్తే ఎవరు ఎవరికి ఎప్పుడు అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో తెలుస్తుంది. మూడోది, జనం మరిచిపోయేది, నిషేధిత భూముల జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ అనే సెక్షను కింద ఉండే జాబితా అది. ఆ నంబరు అందులో ఉంటే రిజిస్ట్రారు రిజిస్టరు చేయడు.

మన ముప్ఫై సెంట్ల నంబరు అందులో ఉంది. అడంగల్‌లో 'అసైన్డ్' అని ఉంది.

అంటే ఏమిటి? ఎప్పుడో ప్రభుత్వం భూమిలేని పేదవాడికి సాగు చేసుకోమని ఇచ్చిన పట్టా. దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. 1977లో వచ్చిన చట్టం ఇది. కొన్నవాడి చేతిలోంచి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, పరిహారం మాట ఉండదు. పైగా కొన్నందుకు శిక్ష కూడా ఉంది. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకి పూర్తి హక్కులిస్తామని 2023లో సవరణ తెచ్చారు, నిజమే. 2024లో ప్రభుత్వం మారాక అలా హక్కులిచ్చిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి, మళ్లీ పరిశీలన మొదలుపెట్టారు. బ్రోకర్లకి ఈ కథలో మొదటి సగమే గుర్తుంటుంది. "సార్, చట్టం మారిపోయింది" అంటారు. మారిన మాట నిజమే, ఆ తర్వాతేమైందో అడగాలి.

నన్నడిగితే ఇక్కడితో అయిపోవాలి. కానీ బావగారు పట్టువదలని మనిషి. "సరేలేవోయ్, అది కాకపోతే ఇంకోటి. పక్కనే జిరాయితీ ఉందంట, పాతిక సెంట్లు. అది చూడు" అన్నారు.

చూశాను. జిరాయితీయే, కాగితాలు శుభ్రంగానే ఉన్నాయి. మరింకేం అంటారా? అది పొలం. అడంగల్‌లో పొలమే, ప్రభుత్వం లెక్కలో పొలమే. మా మేనల్లుడిది ఇప్పుడు బ్రిటిష్ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉంది. విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు, షాపు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు మాత్రం కొనకూడదు. పాస్‌పోర్టు మనదే అయినా, విదేశంలో ఉంటున్న ఎన్నారైకీ అదే నిబంధన. విదేశీ మారకద్రవ్య చట్టం కింద ఇది చాలాకాలంగా ఉన్నదే. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే పరవాలేదు, డబ్బిచ్చి కొనడానికి లేదు. గుడివాడ నుంచి, ఉయ్యూరు నుంచి, అవనిగడ్డ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఎంతమంది! వాళ్లు పంపిన డబ్బుతో 'ఫామ్ ప్లాట్లు' కొని, ఫోటోలు వాట్సాప్‌లో పెట్టుకుంటున్న తల్లిదండ్రులు ఎంతమంది! అందులో ఎన్ని పిల్లల పేరు మీద రాయించారో వాళ్లకే తెలియాలి.

"అయితే నా పేరు మీద కొంటా" అన్నారు బావగారు.

కొనచ్చు. అప్పుడది బావగారి ఆస్తి. డబ్బులో సగం కొడుకుది, సగం అమ్మిన పొలానిది. రేపు కాలం కలిసిరాక ఆయన లేకపోతే అక్కయ్యకీ కొడుక్కీ కూతురికీ సమానంగా వస్తుంది. "నేను పంపిన డబ్బు" అని వాడంటాడు, "నాన్న పొలం" అని అదంటుంది. కాటేజీకి గదులు రెండే. అన్నాచెల్లెళ్లు ఇవాళ బాగానే ఉన్నారు. ఆ మాట బావగారితో నేననలేదు, అక్కయ్య అంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

ఇక మూడో సంగతి. ఇది భూమి ఎవరిదన్నదానితో సంబంధం లేకుండా అందరికీ వర్తించేది. తీర నియంత్రణ మండలం, పత్రికల్లో సీఆర్‌జెడ్ అని చదువుతుంటాం. 1991లో మొదలైంది, 2011లో తిరగరాశారు, 2019 జనవరిలో మళ్లీ తిరగరాశారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు తాకే గీత ఒకటుంటుంది. ఆ గీత నుంచి భూమివైపు 500 మీటర్ల దాకా ఈ నిబంధనల కిందికొస్తుంది. పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇళ్లకి అనుమతి లేదు. మత్స్యకారుల పాత ఇళ్లకి కొన్ని మినహాయింపులున్నాయి, వాళ్లు సముద్రాన్ని నమ్ముకుని బతికేవాళ్లు కాబట్టి. 2019 నాటి నిబంధనల్లో జనం బాగా కిక్కిరిసిన పల్లెలకి, అంటే చదరపు కిలోమీటరుకి 2,161 మందికి మించి ఉన్నచోట, ఆ 200ని 50కి తగ్గించారు. మనం చూసిన చోట రొయ్యలు లెక్కపెడితే ఆ అంకె దాటుతుందేమో గానీ మనుషుల్ని లెక్కపెడితే దాటదు. 200 మీటర్లు దాటాక కూడా ఇష్టం వచ్చినట్టు కట్టేసుకోవడానికి లేదు, అనుమతులుంటాయి.

ఇంకో మెలిక ఉంది. ఈ గీత ఒక్క సముద్రపు ఒడ్డునే ఉండదు. పోటుకి ఉప్పునీళ్లు ఎగదన్నే కాలువలకీ మొగలకీ కూడా ఉంటుంది. మన నాగాయలంక, కోడూరు, హంసలదీవి వైపు అలాంటివి అడుగడుగునా కనపడతాయి. నేను సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఉన్నాను కదా అని ధీమాగా ఉంటే, ఇంటి వెనక కాలువ వల్ల చిక్కులో పడచ్చు. గీత ఎక్కడుందో కంటితో చూసి చెప్పలేం, బ్రోకరు మాట మీద అసలు నమ్మలేం. ఆ పటాలు అధికారుల దగ్గరుంటాయి. సర్వే నంబరుతో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోవాలి.

మా పాతిక సెంట్లకి ఆ జవాబు కోసం దరఖాస్తు పెట్టాం. ఆ జవాబు వచ్చేలోపు నేను కాగితం పెన్సిలు తీసుకుని ఇంకో లెక్క వేశాను. ఈ లెక్కలో అంకెలు నావి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

స్థలం, రెండు గదుల చిన్న కాటేజీ, ప్రహరీ, బోరు, కరెంటు అన్నీ కలిపి 45 లక్షలనుకుందాం. ఆ డబ్బు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏడాదికి 3 లక్షల 15 వేలు. ఇక అద్దె చూద్దాం. బందరు సముద్రానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది విజయవాడ నుంచో, చుట్టుపక్కల ఊళ్ల నుంచో వస్తారు. విజయవాడ డెబ్భై కిలోమీటర్లు, ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు. పొద్దున్నే వచ్చి, మునిగి, పులిహోర తిని, లడ్డూలు కట్టించుకుని, చీకటి పడేలోగా ఇంటికి వెళ్లిపోతారు. రాత్రి గదితో వాళ్లకి పనేముంది? రోడ్డు బాగుపడితే మన కాటేజీకి లాభమనుకుంటాం, నిజానికి నష్టం. సరే, శనివారం రాత్రులు ఏడాదికి 52. సగం నిండితే 26. కార్తీకం, మాఘ పౌర్ణమి, సంక్రాంతి సెలవులు అన్నీ కలిపి ఇంకో 30 రాత్రులు వేద్దాం, ఉదారంగానే. మొత్తం 56. రెండు గదులకీ కలిపి రాత్రికి నాలుగు వేల చొప్పున 2 లక్షల 24 వేలు. కాపలా మనిషికి నెలకి ఎనిమిది వేలంటే ఏడాదికి 96 వేలు. ఉప్పు నేల కాబట్టి బోరు నీళ్లు తాగడానికి పనికిరావు, ట్యాంకరు తెప్పించాలి. నీళ్లు, కరెంటు, దుప్పట్లు ఉతికించడం ఒక 40 వేలు. ఉప్పుగాలికి తుప్పు పట్టని ఇనుము లేదు. ఏసీ, గేటు, ఫ్యాన్లు, ప్రతి ఏడాదీ రంగులు ఒక 30 వేలు. మిగిలింది 58 వేలు. నూటికి రూపాయి పావలా పైన కాస్త. నెలకి కాదండోయ్, ఏడాదికి!

ఈ కాగితం చూసి బావగారు, "అద్దె మాటెందుకోయ్, రేటు పెరగదూ? పోర్టు వస్తోంది" అన్నారు.

పోర్టు! ఆ మాట వినని బందరువాళ్లున్నారా? మచిలీపట్నం పోర్టుకి 2008లో శంకుస్థాపన జరిగింది, 2019లో జరిగింది, 2023లో జరిగింది. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు శిలాఫలకాలు. రాయి పడ్డ ప్రతిసారీ చుట్టూ పొలాల్లో జెండాలు, రంగురాళ్లు, బస్సుల్లో జనం, ఉచిత భోజనాలు. 2008 నాటి ఊపులో గజాల లెక్కన కొని, రాళ్లు ఎక్కడున్నాయో కూడా మరిచిపోయినవాళ్లు గుడివాడలోనే నాకు తెలిసి నలుగురున్నారు. ఈసారి తపసిపూడి దగ్గర పనులు నిజంగానే సాగాయి, కాదనను. కానీ ఓడలొచ్చే చోటికి లారీలొస్తాయి, గోదాములొస్తాయి, ఉద్యోగాలూ రావచ్చు. విహారానికొచ్చేవాళ్లు ఓడల పక్కన గది అడుగుతారా? రేటు పెరిగేది గోదాముకి పనికొచ్చే నేలకి. కాటేజీకి పనికొచ్చే నేల వేరు.

ఇంత చెప్పినా బావగారిని ఆపింది నా లెక్కలు కావు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19. కార్తీక మాసమే. పగలంతా ఈదురుగాలి, సాయంత్రానికి ఉప్పెన. అప్పటికి నేను చిన్నవాణ్ణి. నాకు గుర్తున్నది డాబా మీద తడిసిన గోనెసంచీ కింద అక్కయ్య నన్ను గట్టిగా పట్టుకుని కూర్చోవడం, అంతే. అక్కయ్యకి అంతా గుర్తుంది. ఆ రాత్రి సముద్రం పాలకాయతిప్ప, సొర్లగొంది మీదుగా ఊళ్లకి ఊళ్లు ఊడ్చుకుపోయింది. చనిపోయినవాళ్లు పదివేలని ప్రభుత్వ లెక్క, దివిసీమలో ఎవర్నడిగినా అంతకన్నా ఎక్కువే అంటారు. అంతకు ముందు 1864 నవంబరులో బందరునే ఉప్పెన ముంచేసింది. అప్పుడు ముప్ఫై వేలమంది పోయారని అంచనా. 1990 మేలో మళ్లీ పెద్ద తుపాను. 2004 డిసెంబరు 26 పౌర్ణమి. మంగినపూడిలో స్నానాలకి దిగినవాళ్ల మీదికే సునామీ వచ్చింది. ఆ మధ్య 2023 డిసెంబరులో ఒకటి బాపట్ల దగ్గర, 2025 అక్టోబరులో ఒకటి నరసాపురం దగ్గర తీరం దాటాయి.

టర్కీలో చలికాలం రాగానే జనం వెళ్లిపోతారు, తాళం వేసుకుంటారు. మన సీజను, మన తుపాన్లు ఒకే నెలల్లో వస్తాయి. గదులు నిండే కార్తీకమే సముద్రానికి కూడా కోపమొచ్చే కాలం. గదిలో ఎవరో అద్దెకున్న కుటుంబం ఉండగా రాత్రికి రాత్రి ఖాళీ చేయించాల్సి వస్తే ఆ పని చేసేదెవరు? లండన్లో ఉన్న కొడుకా, చల్లపల్లిలో ఉన్న డెబ్భై ఏళ్ల తండ్రా, నెలకి ఎనిమిది వేలిచ్చే కాపలా మనిషా? ఇంటికి బీమా ఉంటుంది. 2021 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద నష్టాలు కూడా కలిసే ఉన్నాయి. కానీ అది కాపురం ఉండే ఇళ్ల కోసం ఉద్దేశించినది. రోజువారీ అద్దె వ్యాపారానికి పెట్టుకున్నప్పుడు వర్తిస్తుందో లేదో ముందే అడిగి రాయించుకోవాలి. ఇల్లు పోతే బీమా. మనిషి పోతే?

ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు మళ్లీ కాటేజీ మాట ఎత్తారు. వరండా ఎటువైపు రావాలో, ఉయ్యాల ఎక్కడ కట్టాలో చెబుతున్నారు. అక్కయ్య వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి, "కట్టండి. కట్టినాక అందులో నేను మాత్రం ఒక్క రాత్రి పడుకోను. మనవల్ని పడుకోనివ్వను. మీరూ మీ అద్దెవాళ్లూ పడుకోండి" అంది. గొంతు పెంచలేదు. బావగారు మజ్జిగ పోసుకుని లేచిపోయారు.

అడ్వాన్సు సంగతి చెప్పాలి కదా. అసైన్డ్ అని తేలిన కాగితం చూపిస్తే బ్రోకరు ముందు నాకు తెలీదన్నాడు, తర్వాత అమ్మే ఆయన్ని అడగమన్నాడు. రెండు నెలలు తిప్పి ఒక లక్ష వెనక్కిచ్చాడు. రెండో లక్షకి ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. వసూలవుతుందో లేదో గానీ, ఆ నోటుని బావగారు దేవుడి గూట్లో పెట్టారు. పాతిక సెంట్లకి పెట్టిన దరఖాస్తుని మేమే వదిలేశాం. పొలం డబ్బులో పిల్లదాని వాటా దాని పేరు మీద డిపాజిట్ చేయించింది అక్కయ్య. టర్కీ ఫ్లాటు గురించి మావాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఈమధ్య ఒక ఫ్లాటు చూపించినవాణ్ణి, "భవనంలో అందరి సంతకాలూ ఉన్నాయా?" అని అడిగితే ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయలేదట.

మొన్న సంక్రాంతికి వాడు పిల్లలతో వచ్చాడు. సముద్రం సముద్రం అని పిల్లలు గోల. అందరం కారెక్కి, పులిగడ్డ వారధి మీదుగా కృష్ణ దాటి, రేపల్లె మీంచి బాపట్ల వెళ్లి సూర్యలంకలో రెండు రోజులు గదులు తీసుకున్నాం. మంచి ఇసుక, మంచి ఎండ. పిల్లలు నీళ్లలోంచి బయటికి రామంటారు. అక్కయ్య ఒడ్డున తుండు పరుచుకుని, మనవల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. గదుల దగ్గర మనిషి ఏసీ డబ్బా మూత తీసి, తుప్పుపట్టిన రేకు చూపిస్తూ, "రెండేళ్లే సార్ అయింది పెట్టి" అని వాపోయాడు. అద్దె నాలుగు రూపాయలు తగ్గించమని మేమడిగినందుకు లెండి.

సాయంత్రం చీకటి పడుతుండగా బావగారు కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్తే గదుల వెనక సరుగుడు చెట్ల దగ్గర ఆ మనిషితోనే మాట్లాడుతున్నారు.

"ఇక్కడ సెంటు ఎంతుందోయ్?"